పొడి వాకిలి

తిరుపాలమ్మ వంటింటి వెనక తలుపు తీసిందంటే కువైట్‌లోని అహ్మదిలో ఆ వీధికి తెల్లవారినట్టే. మసీదులో మొదటి అజాన్ అయిపోయి వీధి దీపాలు ఇంకా ఆరకముందే ఆమె చీపురు చప్పుడు మొదలవుతుంది. ఊడ్చాక నైటీ అంచు నడుముకు దోపుకుని, బక్కెట్టులోంచి మగ్గు ముంచి, కుడి నుంచి ఎడమకు ఒక్క ఊపులో నీళ్ళు చల్లుతుంది. పేడ లేదు, ముగ్గు లేదు. పరాయి మతం వాళ్ళింట్లో ఆ రెండూ పెట్టుకుంటే బాగుండదని వచ్చిన కొత్తలోనే తనకు తాను చెప్పుకుంది. నీళ్ళకు మాత్రం మతమేముంది? వాకిలి తడపకుండా పొయ్యి వెలిగించడానికి ఆమెకు చేతులు రావు.

రాయచోటి పక్క పల్లె ఆమెది. నీళ్ళ కోసం కోసెడు దూరం నడిచిన ఊరు. స్నానానికి నీళ్ళు తగ్గించుకునేవాళ్ళు, గుడ్డలు ఉతకడం వాయిదా వేసుకునేవాళ్ళు గానీ, వాకిట్లో కళ్ళాపికి ఒక చెంబు ఎప్పుడూ మిగుల్చుకునేవాళ్ళు. వాకిలి పొడిగా కనబడితే లోపల ఎవరో పోయారని దారిన పోయేవాళ్ళు నడక తగ్గించి గడప వైపు చూస్తారు. ఆ చూపు ఎవరి ఇంటి మీదా పడకూడదని తిరుపాలమ్మ పట్టుదల. కువైట్‌లో అలా చూసేవాళ్ళు ఎవరూ లేరని ఆమెకు తెలియక కాదు.

ఇల్లు ఆస్మాది. ఆయిల్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఇక్కడి పనివాళ్ళు ఇంటావిణ్ణి మామా అంటారు గనుక ఆస్మా మామా, ఆమె తల్లి పెద్ద మామా. తిరుపాలమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆస్మా పిల్లలు అన్నం ముద్దలకు మారాం చేసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకు గడ్డాలొచ్చి పై చదువులకు వెళ్ళిపోయారు. మిగిలింది ముసలామె, ఆమె చేతికర్ర, ఆమెకు తోడుగా మన తిరుపాలమ్మ.

పెద్ద మామాతో స్నేహం కూడా ఆ నీళ్ళ వల్లే కుదిరింది. వచ్చిన కొత్తలో ఒక పొద్దున తిరుపాలమ్మ చల్లుతుంటే, ముసలామె గదిలోంచి చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కోప్పడుతుందేమోనని తిరుపాలమ్మ మగ్గు వెనక్కి దాచుకుంది.

"ఇలా చల్లమని నీకు ఎవరు నేర్పారు?" అంది పెద్ద మామా.

"మా అమ్మ," అంది తిరుపాలమ్మ తనకొచ్చిన కాస్త అరబ్బీలో.

"మా అమ్మ కూడా చల్లేది," అని ముసలామె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మట్టిగోడల కాలంలో వాళ్ళ ఇంటి మధ్య హోష్ ఉండేదట. హోష్ అంటే మన నడవాకిలి లాంటిదే. సాయంత్రం ఇసుక మీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి, అందరూ అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్ళట. తడిసిన ఇసుక వాసన పోల్చుకుని లేచి వచ్చానని చెప్పింది. ఆ రోజు నుంచి తిరుపాలమ్మ కళ్ళాపికి ఇంట్లో ఎదురు లేదు.

వెనక గోడ దగ్గర ఒక రేగుచెట్టు ఉంది. వాళ్ళు సిదర్ అంటారు, పండును కనార్ అంటారు. ఏమన్నా రేగు రేగే. చలికాలం మధ్యాహ్నాలు ఆ చెట్టు కింద బెంచీ మీద ఇద్దరూ కూర్చునేవాళ్ళు. తిరుపాలమ్మ రేగుపళ్ళకు ఉప్పూ కారం అద్ది ఇస్తే, పెద్ద మామా దగ్గి, నవ్వి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెయ్యి చాపేది. ఒకరి అమ్మ గురించి ఒకరు ఎన్నిసార్లు చెప్పుకున్నారో. రాయచోటి అమ్మకు కువైట్ తెలియదు, కువైట్ అమ్మకు రాయచోటి తెలియదు, చెట్టు కింద మాత్రం ఇద్దరూ ఒకే వీధివాళ్ళలా తిరిగేవాళ్ళు.

అంతా బాగుండగా ఆస్మాకు దుమ్ము మీద కోపం వచ్చింది. మనుషులను పిలిపించి, వంటింటి తలుపు నుంచి రేగుచెట్టు దాకా నల్లగుడ్డ పరిపించి, దాని మీద బూడిదరంగు గులకరాళ్ళు పోయించింది. చూడ్డానికి బాగానే ఉంది. తిరుపాలమ్మకే ఒక చిక్కు వచ్చిపడింది. మామూలు నీళ్ళు రాళ్ళ మీద చల్లితే చల్లినట్టే లేదు, ఎక్కడివక్కడ కిందికి జారిపోతున్నాయి. అప్పుడు ఆమెకో ఉపాయం తోచింది. ఆ ఇంట్లో మచ్‌బూస్ అనే మాంసం పులావుకు రోజూ గిన్నెడు బియ్యం కడుగుతారు. ఆ కడుగు నీళ్ళు సింకులో పారబోయాలంటే ఆమె ప్రాణం ఎప్పుడూ ఒప్పేది కాదు. ఊళ్ళో అయితే గేదె కుడితిలోకి పోయేవి. అహ్మదిలో గేదెను ఎక్కణ్ణుంచి తెచ్చేది? కడుగును బక్కెట్టులో దాచి పొద్దున్నే రాళ్ళ మీద చల్లితే, ఆరాక సన్నటి తెల్లపొర మిగిలేది. ముగ్గు కాదు గానీ, ముగ్గుకు దూరపు చుట్టం. ఆ తెలుపు చూసుకుని ఆమె రోజంతా హుషారుగా ఉండేది.

ఎండాకాలమంతా ఏమీ కాలేదు. చల్లిన తడి పొయ్యి మీద పాలు పొంగేలోపే ఆరిపోయేది. చలికాలం వచ్చి, రెండు వానలు పడ్డాక, రాళ్ళ సందుల్లో ఏదో మొలిచింది. ముదురు ఆకుపచ్చ రంగులో, ముద్దముద్దగా, తాకితే కలబంద గుజ్జులా జారిపోతోంది. ఆస్మా ముక్కు మూసుకుని పిల్లి కక్కిందని తేల్చింది. తిరుపాలమ్మ వంగి చూసి, "పాచి," అనుకుని లోలోపల సంతోషించింది. సంతోషమెందుకంటే, ఆమె ఊళ్ళో బావి మెట్ల మీద పాచి కనబడిందంటే ఆ ఏడు నీళ్ళున్నాయని అర్థం. కరువు సీమ మనిషికి పాచిని చూసి భయపడటం ఎవరు నేర్పుతారు?

ఆస్మా తీసెయ్యమంది గనుక తీసింది. మొదట బ్లీచ్ పోసింది. అది తెల్లగా పాలిపోయి చచ్చినట్టు పడి ఉండి, వారం తిరిగేసరికి పక్కన మళ్ళీ లేచింది. తర్వాత రబ్బరు గొట్టంతో గట్టిగా నీళ్ళు కొట్టింది. అక్కడొక ముద్ద ఉన్నది చిన్నచిన్న ముక్కలై దారంతా పరుచుకుంది. ఎంత కడిగితే అంత బలిసింది.

ఒక మధ్యాహ్నం పెద్ద మామా బెంచీ దగ్గరికి వెళ్తూ జారింది. కర్ర ఒకవైపు, మనిషి ఒకవైపు. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు, మణికట్టు బెణికింది. తిరుపాలమ్మ లేపి కూర్చోబెట్టి, బెణికిన ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని, తనకు తెలియకుండానే తెలుగులో ఏడ్చింది.

ఆస్మా సాయంత్రం వచ్చి విని, ఏమీ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఖలాస్," అంది. "రాళ్ళు తీయించి గోడ దాకా టైల్స్ వేయిస్తాను. చెట్టు వేళ్ళు టైల్స్‌ను లేపేస్తాయి, చెట్టు కూడా తీసేస్తారు. నెలాఖరుకి మనుషులు వస్తారు. అందాకా అమ్మ ఇల్లు దాటకూడదు." తల్లికేమవుతుందోనన్న భయంతోనే అంది, ఆ సంగతి తిరుపాలమ్మకు తెలుసు. కానీ చెట్టు పోయి, బెంచీ పోయి, ముసలామె టీవీ ముందు కూర్చుంటే ఎన్నాళ్ళుంటుంది? పెద్ద మామా కిటికీలోంచి రేగుచెట్టు వైపు చూస్తూ ఆ పూట అన్నం ముట్టలేదు.

తోట పనికి శుక్రవారం శుక్రవారం వెంకటరాజు వస్తాడు. కోనసీమవాడు. కాలవగట్ల మీద పెరిగినవాడు గనుక పాచి సంగతి అతనికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. తిరుపాలమ్మ జరిగిందంతా చెప్పి రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను ఎండ తగిలే అంచున నల్లగా, మాడిన అప్పడం ముక్కల్లా ఉన్నవాటిని ఏరాడు.

"ఇయ్యేంటో తెలుసాండీ అక్కా?"

"ఎండిపోయిన ఆకులు కదా."

"కాదండి. ఓ సాసరు పట్రండి, కాసిని నీళ్ళు కూడా."

సాసరులో ఆ ముక్కలు వేసి నీళ్ళు పోశాడు. టీ తాగి వచ్చేలోపు నల్లటి ముక్కలు ఉబ్బి, పచ్చబడి, జిగురు ముద్దలై కూర్చున్నాయి. తిరుపాలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"చూశారాండీ? చచ్చినట్టు ఏషం వేస్తదండి ఇది. చుక్క తడి తగిలితే లేచి కూచుంటది. మందులకి లొంగదు. నీళ్ళు కొడితే ముక్కముక్కకీ కొత్త సంసారం పెడతది. దీనికి ఒకటే మందండి, ఎండ. తడి తగలకుండా ఎండబెట్టి, గలగలలాడేటప్పుడు గోకి, సంచీలో ఎత్తి పారెయ్యాలి. అసలు ఈ రాళ్ళ మీద నీళ్ళు ఎవరు పోత్తన్నారండి?"

తిరుపాలమ్మ సాసరులోని ముద్దను వేలితో తాకింది. తర్వాత, "నేనే సల్లుతాండా రాజన్నా. పొద్దున్నే," అంది.

"మామూలు నీళ్ళేనా?"

"బియ్యం కడుగు."

వెంకటరాజు తల పట్టుకున్నాడు. "ఓర్నాయనో. దానికి పండగేనండి. మీరు పోసేది కళ్ళాపి కాదండి అక్కా, ఎరువు."

పిల్లి కాదు, వాన కాదు. పెద్ద మామా జారింది తను చల్లిన నీళ్ళ మీద. ఆ మాట లోపలికి దిగేసరికి తిరుపాలమ్మ గడప మీద కూలబడింది. వెంకటరాజు మంచివాడు గనుక అటు తిరిగి మొక్కలకు పాదులు చేశాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, "చుక్క నీళ్ళు కూడా వద్దండి. అయిదారు రోజులు వాకిలి ఎండబెట్టండి. లేదా చెట్టు మీద ఆశ వదులుకోండి," అన్నాడు.

చెప్పడం తేలికే. మర్నాడు పొద్దున్నే తలుపు తీసి, ఊడ్చి, ఊరికే నిలబడింది. లోపల పెద్ద మామా మూలుగుతోంది. జారినప్పటి నుంచి ఒంట్లో బాగుండటం లేదు, దగ్గు పట్టుకుంది. జబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు పొడి వాకిలా? తన చేతులతో తనే చావు కబురు రాసి గడపకు అంటించినట్టు ఉంది. కడుగు నీళ్ళు వద్దనుకుంది, మంచినీళ్ళే ఒక్క మగ్గు చల్లింది. రెండో రోజూ ఒక్క మగ్గే. ఒక్క మగ్గే కదా అని రోజూ.

తర్వాతి శుక్రవారం వెంకటరాజు వచ్చి రాయి తిప్పి చూశాడు. కింద తడి. ముద్దలు నిక్షేపంలా ఉన్నాయి.

"చల్లుతూనే ఉన్నారన్నమాట."

"నా వల్ల కాలే రాజన్నా. ఇంట్లో ముసలామెకు బాగలేదు. వాకిలి ఎండబెడితే మా పక్క సావు ఇల్లంటారు. మా అమ్మ పోయినబ్బుడు తప్ప నేను యాపొద్దూ సల్లకుండా ఉండలే."

వెంకటరాజుకు కోపం రావాలి. రాలేదు. "మా అమ్మా అంతేనండి," అన్నాడు మెల్లగా. "కానీ అక్కా, వచ్చే శుక్రవారం దాటితే మనుషులొచ్చేత్తారు."

అమ్మ పోయినప్పుడు తిరుపాలమ్మ ఈ ఇంట్లోనే ఉంది. వెళ్ళడానికి కుదరలేదు. ఆ కర్మ దినాలన్నీ ఈ వెనక వాకిలిని పొడిగా వదిలేసింది. తల్లికి అక్కడ కొరివి పెట్టే వేళకు తను ఇక్కడ కూరగాయలు తరిగింది. చెయ్యగలిగింది అదొక్కటే గనుక అది చేసింది. అప్పుడు పెద్ద మామా పొడి నేల చూసి, ఏమైందని అడిగి తెలుసుకుని, తన పక్కన కూర్చోబెట్టుకుని రోజూ తన గ్లాసులోనే టీ పోసి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నే పెద్ద మామాకు ఊపిరి అందలేదు. ఆస్మా కారు తీసింది. తిరుపాలమ్మ ముసలామెను ఎత్తినంత పనిచేసి వెనక సీట్లో కూర్చోబెట్టి, కాళ్ళ మీద శాలువా కప్పింది. పెద్ద మామా ఆమె వేలు పట్టుకుని వదల్లేదు. ఆస్మానే విడిపించింది. కారు మలుపు తిరిగింది.

లోపలికి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా మగ్గు ముంచింది. ముంచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంట్లోంచి మనిషి ఇప్పుడే కదా బయలుదేరింది?

మనిషి ప్రయాణమైపోయాక వెంటనే వాకిలి ఊడ్వకూడదు, తడపకూడదు. చేరిన కబురు అందేదాకా వాళ్ళ అడుగులు అలా ఉండాలి, అప్పుడే ఆ అడుగుల వెంటే మళ్ళీ వస్తారు. ఇది ఆమె అమ్మ మాట. కువైట్‌కు బయలుదేరిన పొద్దున అమ్మ బస్సు దాకా రాలేదు, ఊడ్వని వాకిట్లో చెయ్యి ఊపుతూ నిలబడింది. ఆ రోజుల్లో ఇంటింటికీ ఫోన్లు లేవు. తిరుపాలమ్మ ఇక్కడికొచ్చి, ఇఖామా కాగితాల పని అయ్యి, ఎవరినో బతిమాలి ఊళ్ళో ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసేసరికి బోలెడన్ని రోజులు గడిచాయి. అన్ని రోజులూ అమ్మ వాకిలికి చెమ్మ తగలనివ్వలేదట. ఎవరమ్మా పోయింది మీ ఇంట్లో అని ఇరుగుపొరుగు ఎత్తిపొడిచినా పడిందట. కబురు అందాక రెండు బిందెలు తెచ్చి వాకిలంతా చల్లిందట. ఇదంతా చెల్లెలు తర్వాతెప్పుడో ఫోనులో చెబితే తిరుపాలమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. అలాంటిది, పొడి వాకిలంటే చావు ఒక్కటే ఎలా గుర్తుండిపోయింది?

మగ్గులో నీళ్ళు తిరిగి బక్కెట్టులో పోసేసింది. తలుపు వేసింది.

ఆ పూటా చల్లలేదు, మర్నాడూ చల్లలేదు. ఇప్పుడు భయం లేదు. పొద్దున లేచి పొడి రాళ్ళను చూసి, "ఇంకా దావలో ఉండాదిలే," అనుకునేది. ఉత్తరపు గాలి మొదలైంది, ఎండ మంచిగా కాసింది. ముద్దలు కుంచించుకుపోయి, నల్లబడి, అంచులు లేచి పెచ్చులు కట్టాయి. కాలు పెడితే చిటపటమన్నాయి.

శుక్రవారం వెంకటరాజు చిన్న పార, పళ్ళ దంతె పట్టుకొచ్చాడు. రాళ్ళను తాకి చూసి, ఒక్క మాటా అడగకుండా చేతులకు గ్లౌజులు తొడిగాడు. అతను పారతో గోకుతుంటే తిరుపాలమ్మ వంటింటి అట్లకాడతో మూలమూలలా గోకింది. గోకిందంతా మొక్కల పాదుల్లో పడకుండా సంచీల్లోకి ఎత్తారు. తర్వాత రాళ్ళను దంతెతో ఒక పక్కకు లాగితే అసలు బండారం బయటపడింది. గాలిదుమారాలు తెచ్చిన దుమ్మంతా గుడ్డ మీద పేరుకుని, తడి పట్టి, పరుపులా అయింది. దాన్నంతా ఎత్తిపోసి, రాళ్ళను జల్లించి, వదులుగా పరిచారు. ఎండాకాలం ఏసీ నీళ్ళు రాళ్ళ మీద కారకుండా ఆ గొట్టాన్ని వెంకటరాజు చెట్టు పాదులోకి తిప్పాడు.

"ఇక పైన ఈ రాళ్ళ జోలికి రారుగా అక్కా?"

"రాను. రాళ్ళ మీద ఒట్టు."

టైల్స్ మనుషులు రావలసిన రోజుకు ముందు రోజే పెద్ద మామాను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. బాగా చిక్కిపోయింది. కారు దిగి ముందు తలుపు వైపు వెళ్ళనంది. వెనకనుంచే వస్తానని కర్ర అటు తిప్పింది. ఆస్మా గబగబా ముందుకొచ్చి, తన బూటు అడుగుతో రాళ్ళను ఒకచోట రాసింది, ఇంకోచోట గట్టిగా రాసింది. వంగి ఒక రాయి తిప్పి కింద చూసింది. తిరుపాలమ్మ పెద్ద మామా పక్కకు చేరి భుజం ఆనిచ్చింది. ఆస్మా చేతులు దులుపుకుని, ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో రేపు రావద్దని చెప్పి లోపలికి వెళ్ళింది.

పెద్ద మామా కర్ర ఆనిస్తూ, తిరుపాలమ్మ భుజం పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసి బెంచీ చేరింది. రాళ్ళు కరకరమన్నాయి గానీ జారలేదు. కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాక నేలను చూసింది.

"పొడిగా ఉంది," అంది. "నేను చచ్చాననుకున్నావా?"

తిరుపాలమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "లేదు పెద్ద మామా. ఇంట్లోంచి మనిషి బయలుదేరి వెళ్తే, క్షేమంగా చేరేదాకా వాకిలి తడపకూడదు. మా అమ్మ నా కోసం అలాగే ఉంచింది." అని రెండు బిందెల సంగతి కూడా చెప్పింది. ఇన్నేళ్ళలో వాళ్ళ అమ్మల గురించి చెప్పుకోని కథ అదొక్కటే మిగిలింది.

పెద్ద మామా విని, రేగుచెట్టు మొదలును కర్రతో తట్టింది. "నేను చేరాను కదా. యల్లా, చల్లు."

తిరుపాలమ్మ వంటింట్లోకెళ్ళి మగ్గుతో మంచినీళ్ళు తెచ్చింది. రాళ్ళు దాటి, చెట్టు కింద గులకరాళ్ళు లేని మట్టిలో, కుడి నుంచి ఎడమకు ఒక్క ఊపులో చల్లింది. మట్టి వాసన లేచింది. ముసలామె కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చింది. అలాగే కళ్ళు మూసుకునే, ఖాళీ మగ్గు పట్టుకుని నిలబడ్డ తిరుపాలమ్మతో అంది:

"మీ అమ్మ రెండు చల్లింది కదా."

తిరుపాలమ్మ కొంగులేని నైటీ చేతి అంచుతో ముఖం తుడుచుకుని, రెండో మగ్గుకు లోపలికి వెళ్ళింది.